తొలి తూటా వెనక నా చోటు

మొన్న ఈద్ ఉదయం ఒమాన్‌లోని ఇబ్రా ఊరి వెనక గుట్టల్లో, మా యజమాని చిన్న అర్బాబ్ దుకాణంలో కొన్న తూటాల డబ్బా తెరుస్తుంటే నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఆయన తుపాకీ ఎత్తినప్పుడల్లా ఇంటి కుర్రాళ్లలో ఎవడో ఒకడు ఫోను పట్టుకుని భుజం వెనకకు చేరుతున్నాడు. ఆ చోటు ఎవరిదో ఆ పిల్లలకు తెలియదు. నాకు మాత్రం ఇన్నేళ్లయినా కడుపుమంట చల్లారలేదు.

నేను ఖర్జూర తోట పనికి వచ్చిన కొత్తలో ఆయన తండ్రి, పెద్ద అర్బాబ్, లైసెన్సున్న తన పాత రైఫిలుకు తూటాలు ఇంట్లోనే నింపుకునేవారు. కాల్చాక నల్లబడి పడివున్న ఇత్తడి గొట్టాలను నేను, మా అమ్మ బిందెలు తోమినట్టు, చింతపండుతో తోమి ఆరబెట్టాను. ఆ మెరుపు చూసి ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. తూటాలు బిగించే చేతిమర పిడి నొక్కడం, ప్రతి గొట్టంలోకీ తొంగిచూడడం, అనుమానం వస్తే పక్కన పడేయడం ఆయన కళ్లెదుటే నేర్చుకున్నాను. మా పనివాళ్ల రూమ్‌లో అందరూ పేకాడుకుంటున్నా నా చేతులు గొట్టాలు తోమకుండా ఊరుకునేవి కావు. డ్రైవర్‌గా ఉన్న హైదరాబాదీ భాయ్ మాత్రం, "ఖజూరుకు నీళ్లు పెట్టెటోనివి, బారూదుతోని నీకేం పని భాయ్?" అని నా మందుగుండు పని చూసి నవ్వేవాడు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఈద్ నాడు తొలి తూటా నింపినవాడే కాల్చేవారి వెనక నిలబడాలి, తన పని మీద తనకెంత నమ్మకముందో నలుగురూ చూడాలి. నేను పని నేర్చుకున్న ఏడు తొలి తూటా నాది. కొత్త చొక్కా తొడుక్కుని వెళ్తే, కాఫీ ఫ్లాస్కులు బండిలోంచి దించమని డ్రైవర్ నన్ను పంపాడు. దించి వచ్చేసరికి నా చోట అతనున్నాడు.

"నింపింది నేను, ఆడ నిలవడేది నేనే," అన్నాను.

"చుప్ భాయ్, అర్బాబ్ నిశానా చూస్తుండు," అన్నాడు, తల తిప్పకుండానే.

గురి తప్పలేదు, గుట్ట మీది తెల్లరాయి పగిలింది. చుట్టాలందరూ అతని చేయి పట్టుకుని ముబారక్ చెప్పారు. అర్బాబ్ నన్ను చూశారు, తుపాకీ దించి చుట్టాల వైపు తిరిగారు. సాయంత్రం అడిగితే, వచ్చే ఈద్‌కు నువ్వే, ఇన్షా అల్లా, అన్నారు. వచ్చే ఈద్‌కు ఆయన చూపు మసకబారింది, చేతిమర మూలపడింది, మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ తూటా నింపలేదు.

కొన్న తూటాలు బాగానే పేలుతున్నాయి, కాదనను. అవి ఎవరి చేతి పనో కాల్చేవారికి అక్కరలేదు, పేలకపోతే తల వంచుకునేవాడూ లేడు. మొన్న చిన్న అర్బాబ్ ఫోటో కోసం నన్ను ప్రేమగానే పిలిచి, తన వెనక నిలబడమన్నారు. నేను నింపనిదానికి నేనెందుకు నిలబడతాను? బండి దగ్గరే ఉండిపోయాను.