నాన్న ఎవరి పక్కన కూర్చున్నారు?

దెయ్యాలంటే నాకు మొదటి నుంచీ నవ్వులాటే. పైగా అప్పట్లో నేను రోజంతా కుస్తీ పడుతున్నది లాజికల్ రీజనింగ్ లెక్కలతో. అలాంటి మనిషి గాలికబుర్లు ఎలా నమ్ముతుంది? ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెప్తాను.

తొంభైల మొదట్లో మాట. మాది ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్. వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న నాన్న సర్వీసులో ఉండగానే పోయారు. ఆయన బదులు అన్నయ్యకు ఉద్యోగం ఇచ్చారు కాబట్టి ఇల్లు నిలబడింది. అమ్మే నిలబడలేదు. తిండి మానేసింది. వదిన బతిమాలితే రెండు ముద్దలు, లేకపోతే అదీ లేదు. కళ్ళముందే చిక్కిపోతుంటే నాకు భయం వేసేది.

నేను ఎంబీఏ ఎంట్రన్సు కోసం ఊళ్ళోనే మలంచా వైపు ఒక బెంగాలీ మాస్టారి దగ్గర ట్యూషన్‌కి వెళ్ళేదాన్ని. ఆయన్ని అందరం దాదా అనేవాళ్ళం. గుండ్రటి బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు, ఎవరి పక్కన ఎవరు అనే లెక్కలు నాకు కొరకరాని కొయ్యలు. ఎ, బి, సి బదులు ఇంట్లోవాళ్ళను పెట్టుకో, కళ్ళకు కడతారు అన్నాడు దాదా. అమ్మ, అన్నయ్య, వదిన, చెల్లి, నేను. ఒకరు తక్కువయ్యారు. నాన్నను పెట్టాను.

సంవత్సరీకం కాకుండా పోయినవాళ్ళను ఉన్నవాళ్ళ మధ్య కూర్చోబెట్టకూడదని సుభాష్‌పల్లిలో ఉండే మా పెద్దమ్మ అది చూసి కసిరింది. కాగితం మీద కూర్చుంటే ఏమవుతుందని నవ్వేశాను.

మొదటి లెక్కలో నాన్న అమ్మ పక్కన వచ్చారు. తర్వాతి దాంట్లోనూ అంతే. అన్నాల దగ్గర ఆ మాట చెప్తే అమ్మ కంచం దగ్గరకు లాక్కుంది.

మర్నాటి నుంచి సాయంత్రం వర్క్‌షాపు సైరన్ మోగగానే నా దగ్గరకు వచ్చేది. "ఈయాల మీ నాన్న ఎక్కడ కూకున్నారు?" అని అడిగేది. నీ పక్కనే అంటే వెళ్ళి అన్నం పెట్టుకునేది. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. అనుమానం వచ్చి, ఏ అక్షరానికి ఎవరో చెల్లి చేత చీటీలు తీయించాను. అయినా అంతే. నా జవాబు పుస్తకం వెనక ఉన్న జవాబుతో సరిపోయేది కూడా. అప్పుడప్పుడు అలా పడితే సరే, ప్రతిసారీ ఎలా పడుతుంది? దాదాను అడిగితే చాన్స్ అని కొట్టిపారేశాడు. అమ్మ కాస్త కోలుకుంటోంది కదా అని నేనూ ఇంక తవ్వలేదు.

పరీక్ష కలకత్తాలో. అన్నయ్య తీసుకెళ్ళాడు. పేపర్లో అలాంటి లెక్కే వచ్చింది. అలవాటుకొద్దీ ఇంట్లోవాళ్ళను పెట్టాను. నాన్న నా పక్కన వచ్చారు. అమ్మకు ఇటు చెల్లి, అటు వదిన. మళ్ళీ చేసినా అదే. తిరుగు లోకల్ రైల్లో అన్నయ్యకు కూడా చెప్పలేదు. అమ్మకు మాత్రం ఎప్పట్లాగే నీ పక్కనే అని చెప్పాలనుకున్నాను.

ఇంటికెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పరీక్ష ఎలా రాశావని అడగలేదు.

"పొద్దుటి నుంచి నా పక్కని లేరు. నీతోటి వచ్చినారు కదా?" అంది.

నా మొహం చూసి తనే తెలుసుకుంది.

"నీ పనైపోనాది కదమ్మా. ఇంక ఆయన్ని నా దగ్గిరికి పంపీ."

పరీక్ష అయిపోయినా రోజూ లెక్కలు చేశాను. చేసినవే మళ్ళీ మళ్ళీ చీటీలు తీయించి చేశాను. నాన్న అమ్మ పక్కకు రాలేదు. ఎప్పుడూ నా పక్కనే. ఉండబట్టలేక, వచ్చేశారమ్మా, నీ పక్కనే ఉన్నారు అన్నాను. అమ్మ నన్ను జాలిగా చూసి కంచం పక్కకు జరిపేసింది.

నాకు సీటొచ్చింది. నేను ఊరు కదిలేలోపే అమ్మ పోయింది. డాక్టరు నీరసం అన్నాడు, గుండె అన్నాడు. ఏదో ఒకటి అనాలి కదా.

నేను చెప్పకముందే అమ్మకు ఎలా తెలిసిందో ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. ఆ రోజు నాన్న నాకు తోడు వచ్చారో, అమ్మను వదిలేసి వచ్చారో కూడా తెలియదు. అమ్మ నన్ను అడిగింది ఆయన్ని పంపమని ఒక్కటే. అదెలా చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.