రమ్మన్న మాట

లాలాగూడ రైల్వే క్వార్టర్సులో మాది కింది ఇల్లు. పైన కల్పలత, ఏడో నెల కడుపుతో. ఆమె ఎదురింట్లో విమలమ్మ. రోజూ మధ్యాహ్నం మా ఇంట్లో చాయ్ తాగి, నన్ను నాలుగు తిట్టి, మెట్లెక్కేది. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ మే నెలలో ఆమెను అంబులెన్సు ఎక్కించారు. పోతా అనడం మన నోట రాదు కదా, మెట్లు దిగుతూ "వస్తా బిడ్డా" అంది. గుమ్మంలో నిలబడ్డ కల్పలత కూడా అందరూ అనే మాటే అంది. "రా పెద్దమ్మా."

విమలమ్మ రాలేదు. కడసారి చూపు కూడా మాకు దక్కలేదు.

ఆ తరువాత కల్పలత అన్నం ముట్టడం మానేసింది. భర్త హరికిషన్ గూడ్సు గార్డు. రోగం ఇంటికి మోసుకొస్తానేమోనని డ్యూటీ దగ్గరే పడుకుంటున్నాడు. నేనే గంజి పట్టుకొని పైకి వెళ్లాను. తలుపు కాస్త తీసి, నా వెనక మెట్లవైపు చూసింది.

"ఏందే గట్ల చూస్తున్నవ్? నా ఎంట ఎవరూ రాలే."

"పెద్దమ్మ వస్తుంది విజయక్కా. రోజూ గీ టైముకే. తలుపు కాడ నిలబడుతుంది."

"నీ మొఖం. ముందు గంజి తాగు."

"నేనే రమ్మన్న గదా." పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఆమె నిలబడ్డంతసేపు లోపల బిడ్డ కదలదక్కా. ఎంట తీస్కపోతుందేమో."

నాకు ఒళ్లు మండింది. పిల్ల మీద కాదు, మనిషిని మూటగట్టి పట్టుకుపోయిన ఆ పాడుకాలం మీద. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. కడుపుతో ఉన్నవాళ్లలో ఇలాంటి భయాలు ఇప్పుడు చాలా చూస్తున్నామని చెప్పింది. ఒంటరిగా వదలొద్దు, కొట్టిపారెయ్యకుండా వినండి, కదలిక తగ్గితే మాత్రం వెంటనే తీసుకురండి అంది. మాస్కు సర్దుకుని అక్కడే కూర్చున్నాను.

లాక్‌డౌన్ మధ్యాహ్నం. రోడ్డు మీద కుక్క కూడా లేదు. అప్పుడు నాకూ వినిపించింది. టప్, సర్రు. టప్, సర్రు. విమలమ్మ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుని ఈడుస్తూ నడిచేది. ఆ చెప్పులతోనే అంబులెన్సు ఎక్కింది. చప్పుడు తలుపు దగ్గర ఆగింది.

"బిడ్డ ఆగింది అక్కా," అంది కల్పలత.

ఆమె భుజం పట్టుకున్నాను. "రమ్మన్నది నువ్వేనాయె. పొమ్మని సుత నువ్వే చెప్పాలె."

"పెద్దమ్మను పో అని ఎట్లంట?" అని ఏడ్చింది. ఏడుస్తూనే లేచి తలుపు తీసింది. బయట ఎవరూ లేరు.

"వచ్చినవా పెద్దమ్మా. నేను మంచిగనే ఉన్న. చూసినవ్ గదా." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇగ పో."

టప్, సర్రు. అడుగు వెనక్కి తిరిగింది. కల్పలత నా చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ గట్టిగా తన్నింది. ఇద్దరం నవ్వాం, ఏడ్చాం.

అడుగు మాత్రం మెట్లు దిగి, కింద మా గుమ్మం ముందు ఆగిపోయింది. ఇక పొమ్మనాల్సింది నేను. నాకు నోరు రాలేదు.

కల్పలత కూతురు ఇప్పుడు బడికి వెళుతోంది. నేను మాత్రం మధ్యాహ్నం పూట తలుపు దగ్గరగా వేస్తాను, గడియ పెట్టను.