వద్దని నొక్కింది నేనే

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. అప్పటినుంచి కంటికి కనపడిందల్లా చదువుతాను, అర్థం కానిదానికి వద్దంటాను. అంతకు ముందు ఎవరు ఏ కాగితం చూపించినా బొటనవేలు చాపేదాన్ని. రేషన్ కార్డు కోసమని ఒకాయన వేయించుకున్న వేలిముద్ర, మా వరసలో పాకలు తీసేయడానికి మేమిచ్చిన ఒప్పుదల అని తరవాత తెలిసింది. ఆ వేలిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

మా అన్న చదువుకోలేదు. ఆయనకి చదువు కావాలని ఎవరూ అనుకోలేదు కూడా. హార్బర్ దాటి వెళ్ళాక నీళ్ళ అడుగున రాళ్ళు ఎక్కడున్నాయో, ఏ రాళ్ళ దగ్గర ఏ చేప ఉంటుందో మా నాన్న ఆయనకి చెప్పి పోయాడు. నీళ్ళ మీద గుర్తు పెట్టలేం కదా, ఒడ్డు వైపు చూడాలి. ఫలానా కొండ అంచూ ఫలానా స్తంభమూ ఒక వరసలోకి వస్తే, కింద రాయి ఉన్నట్టు. ఆ జతలే మా ఇంటి ఆస్తి. ఇల్లు దాటి పోవు. ఇంట్లోనైనా ఆడవాళ్ళకి చెప్పరు. గంప నెత్తిన పెట్టుకుని కూర్మన్నపాలెం దాకా పోయి అమ్మేది మేము. ఆ చేప ఎక్కడ దొరికిందో మాత్రం మాకు అక్కర్లేదు.

అన్న కొడుకు పెద్ద బోట్ల మీద కూలికి పోయేవాడు. సొంత పడవ కొన్నాక చెప్తాలే అని అన్న ఆ జతలు వాడికి చెప్పలేదు. వాడు చిన్న ఫైబర్ పడవ కొనేసరికి అన్నకి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గర పెట్టిన కన్నంలోంచి ఊపిరి పీలుస్తాడు. మాట లేదు. రాత ఎప్పుడూ లేదు.

అయితే ఆపరేషన్‌కి చాలా ముందు ఒక కాలేజీ మాస్టారు ఇసకలో కూర్చుని, మా వాళ్ళ మాటలు రాసుకోవాలని, అన్నతో రోజుల తరబడి మాట్లాడించి వీడియో తీశాడు. రాళ్ళ గురించి కూడా అడిగాడు. ఆయన ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటున్నాడు. ఫోన్ నంబరు సంపాదించి అడిగాను. అన్నీ దాచాను, పంపుతానన్నాడు. మెయిల్లో పట్టవట. కొరియర్‌లో పంపినవి ఒకసారి పోయాయని దానికి ఒప్పుకోలేదు. తన కంప్యూటర్ నుంచి మా కంప్యూటర్‌కి నేరుగా వచ్చే పద్ధతి ఒకటుందని నా కోడలికి చెప్పాడు. ఆమె మద్దిలపాలెంలో డీటీపీ షాపులో పని చేస్తుంది.

వారంలో అన్నని మళ్ళీ ఆసుపత్రిలో చేర్చాలి. డాక్టరు ధైర్యం చెప్పలేదు. వీడియోలు ఆలోపు రావాలి. మేం విని రాసుకున్నది తప్పో ఒప్పో చెప్పగలిగింది అన్న ఒక్కడే.

ఎంత శాతం వచ్చిందో చూపే సున్నా మూడు రోజులు తెర మీద కదల్లేదు. కోడలు రౌటర్ ఆపి మళ్ళీ వేసింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. ఇంటర్నెట్ అతనికి ఫోన్ చేస్తే, "సినిమాలు వత్తన్నాయా? వత్తన్నాయి కదా. మరింకేటమ్మా?" అన్నాడు. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

నాలుగో రోజు పొద్దున మాస్టారితో మాట్లాడి వచ్చి, చేపలు తోముతున్న నా పక్కన కూలబడింది.

"ఆయన అపార్ట్‌మెంట్లో నెట్టు అందరికీ కలిపి ఒకటేనటత్తా. బయటోళ్ళు ఆయన తలుపు తట్టనేరు. ఆయనే మన తలుపు తట్టాల."

"తట్టమను."

"తడతన్నాడు. రౌటర్లో దారి కూడా తీసినాను. అయినా రావట్లేదంటే మనింట్లోనే ఎవులో గడియెట్టీసినారు."

లేచి వెళ్ళి కంప్యూటర్‌లో ఏదో పట్టీ తెరిచింది. ఏ ప్రోగ్రాంని లోపలికి రానివ్వాలి, దేన్ని ఆపాలి అని కంప్యూటర్ కాపలా రాసుకునే పట్టీ అట అది. చాలాసేపు వెతికింది.

"ఇదిగో. దీన్ని ఆపీమని సెప్పినారు. నాను సెప్పనేదు."

నేను చేప మీంచి తల ఎత్తలేదు.

"అత్తా."

"ఊఁ."

"నువ్వేనా?"

నేనే. మొదటి రోజు ఆమె వంటగదిలో ఉండగా తెర మీద ఒక పెట్టె లేచింది. నేను చదువుకుంటానని కంప్యూటర్‌లో మాటలన్నీ ఆమే తెలుగులో పెట్టింది. కూడబలుక్కుని చదివాను. అనుమతించు అని ఒకటి, రద్దు చేయి అని ఒకటి. రద్దు చేశాను.

"సదివే నొక్కినాను," అన్నాను.

"సదివితే ఏటుంది?"

"లోపలికి రానిత్తావా అని ఉంది. వోడెవుడో నాకు తెల్దు. ఒద్దన్నాను."

"మూడ్రోజుల్నుంచి ఆ ఇంటర్నెట్టోడ్ని తిడతన్నాను నాను."

"తిట్టు. వోడికేటి తరిగిపోద్ది."

"ఏలిముద్రలప్పుడే నయం నీతోటి. ఎవులేటడిగినా ఊఁ అనీదానివి."

ఇంకెవరైనా ఆ మాట అంటే ఊరుకునేదాన్ని కాను. ఆమె అన్నది నిజం గనక ఊరుకున్నాను. మోసపోయినందుకు చదువు నేర్చుకున్నాను. నేర్చుకున్న చదువుతో ఒక్క మాటే పట్టుకున్నాను, వద్దు అని. వచ్చినవాడెవడో అడిగి తెలుసుకోవడం చదువులో భాగమని నాకు తోచలేదు. కోడల్ని ఒక్క కేక వేస్తే సరిపోయేది. అడిగితే చదవడం రాలేదనుకుంటుందని వెయ్యలేదు.

కోడలు ఆ ఒక్క ప్రోగ్రాంకి మాత్రం దారి ఇచ్చి, మిగతా కాపలా అలాగే ఉంచింది. కాసేపటికి సున్నా ఒకటయింది. మర్నాటి మధ్యాహ్నానికి అన్నీ వచ్చాయి.

అన్నని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. తెర మీద ఆయనే, గొంతు గరగరలాడుతూ చెప్పుకుపోతున్నాడు. తన గొంతు వినగానే తువ్వాలు మెడకి అదుముకున్నాడు. నేను నోటుబుక్కులో రాసుకుంటున్నాను. యారాడ కొండ ముక్కు వెనక ప్లాంటు పొగగొట్టం కనపడాల, అంటున్నాడు తెర మీది అన్న. కుర్చీలో ఉన్న అన్న కుర్చీ చేతి చెక్కమీద మెటికలతో కొట్టాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఏటన్నా? తప్పు రాసినానా?"

కాదు. తెర వైపు చూపించాడు. తన నోరు చూపించుకున్నాడు. నవ్వాడు. నవ్వితే మెడలోంచి గాలి బుస్సుమంటుంది.

"ఆ మాస్టారికి అబద్ధం సెప్పినావేటి?"

తల నిలువుగా ఊపాడు.

"ఎన్ని సెప్పినావు?"

చెయ్యి గాలిలో అటునించి ఇటు తిప్పాడు. అన్నీ.

కోడలు నెత్తి పట్టుకుంది. నాకు మాత్రం కోపం రాలేదు. కొత్తవాడికి మా నాన్నయినా అంతే చెప్పేవాడు. కూర్చుని మళ్ళీ మొదటినుంచి చూశాం. మెల్లగా తెలిసింది. అన్న చెప్పిన కొండలు నిజమే, చర్చి శిఖరం నిజమే, లైట్‌హౌసూ నీళ్ళ ట్యాంకూ నిజమే. జతలు మార్చేశాడు, అంతే. వాటి పేర్లన్నీ ఒక వరసగా రాసుకున్నాను. ఒకటి చదివి, దాని పక్కన మిగతావి ఒక్కొక్కటే చదివేదాన్ని. సరైనది వస్తే చెక్క మీద కొట్టేవాడు. ఆడదానికి చెబుతున్నానని మధ్యలో ఒకసారి మొహం తిప్పుకున్నాడు. నేను ఆగాను. కాసేపుండి తనే కొట్టాడు, ఇక కానివ్వు అన్నట్టు.

ఆసుపత్రిలో చేర్చే నాటికి ఏడు జతలు కలిశాయి. రెండు మిగిలాయి. మేనల్లుడు మొదటి జత పట్టుకుని వెళ్ళి, సముద్రం మీంచే ఫోన్ చేశాడు, "అత్తా, రాయుంది," అని.

మిగిలిన రెండింటి కోసం నోటుబుక్కు వార్డుకి తీసుకెళ్ళాను. నోరు తెరిచానో లేదో అన్న కళ్ళు ఉరిమాడు. పక్క మంచం మీద ఉన్నాయన కూడా హార్బర్ వాడేనట. ప్రాణం మీదికొచ్చినా ఆ బుద్ధి మారలేదు.

చదవడం మానేసి ఖాళీ పేజీలో ఒడ్డు గీశాను, వచ్చినట్టు. కొండలు, శిఖరం, ట్యాంకు. అన్న చాలాసేపు చూశాడు. నా చేతిలో పెన్సిల్ లాక్కుని, ముందు కొండ వాలు దిద్దాడు. అది కుదిరాకనే ఏది దేనికి జతో చూపించాడు.