ట్యూబ్‌లైటు వెలుగులో వియత్నాం రోల్

ఈ రోజు ఏలూరులో, మా వంటింట్లో వియత్నాం రోల్స్ చేశాను. నీళ్ళలో తడిపితే లోపలిది కనబడేంత పల్చటి బియ్యప్పిండి రైస్ పేపర్‌లో క్యారెట్, కీరా, పుదీనా పెట్టి చుట్టి, నంచుకోవడానికి వేరుశనగ సాస్ కలిపాను. మాంసమే కాదు, పాలూ గుడ్డూ కూడా తగలని అచ్చమైన వీగన్ వంట.

అప్పుడే మామయ్యగారు కొల్లేరు పక్కనున్న మా రొయ్యల చెరువు నుంచి వచ్చారు. రొయ్యని వెలుతురుకెత్తి, మేత తిని పేగు నిండిందో లేదో చూడడం ఆయనకు రోజూ ఉండే పని. నా రోల్‌నీ అలాగే ట్యూబ్‌లైటుకెత్తి, కన్ను చికిలించి చూశారు.

"ఎలా ఉందండీ మామయ్యగారూ?" అన్నాను.

"మేత బాగానే పట్టిందమ్మా. రొయ్యే కనబడటం లేదు."

అలా అంటూనే పళ్ళెం ఖాళీ చేశారు. మిగిలిన పేపర్లలోకి రేపు రొయ్యలు తానే తెస్తారట.

మా ఇంట్లో వీగన్ వంట ఒక్క పూట బతికింది. మీ ఇళ్ళలో ఎన్ని పూటలు బతికిందో చెప్పండి.