మామ వదిలిన ల్యాండింగు

మొన్న మా కూతురు ఫోన్లో ఒక వీడియో పంపించింది. కోలారులో ఇల్లు కట్టుకుంటా ఉండారు వాళ్ళు. మెట్ల మధ్యలో మలుపు తిరిగే చోటుంటాదే, ల్యాండింగంటారే, దాన్ని ఎట్ల బాగా వాడుకోవాల అనేదాని మీద ఆ వీడియో. ఒకామె నవ్వుతా నవ్వుతా చూపిస్తాది: ఈ మూల పూలకుండీ పెట్టండి, ఈ కిటికీ కింద మెత్తగా దిండేసుకోండి, కాఫీ తాగతా కూర్చోండి. కింద మా పిల్ల రాసింది, "మా ల్యాండింగులో ఏం పెట్టమంటావమ్మా?" అని. నాకు ఒళ్ళు మండింది. పిల్లదేం తప్పు లేదు. ఆ మాట వింటేనే నాకు ఇప్పటికీ అంతే. కూతురికి ఫోన్లో చెప్పేంత చిన్న కథ కాదు, అందుకే ఇక్కడ చెప్పుకుంటా ఉండాను.

నేను పుట్టింది రాయల్పాడు పక్కన పల్లెలో. మా వైపు మిద్దె మీదికి పోవాలంటే గోడకు ఆనించిన నిచ్చెనే గతి. మామిడికాయ ముక్కలు ఎండబెట్టనీకి తప్ప ఎవరూ పైకి పోరు. ఆండర్సన్‌పేటకు కోడలిగా వచ్చినాకే ఇంటి లోపల మెట్లుంటాయని తెలిసింది. ఆ ఇల్లు మా మామ కట్టించింది. తాను పని చేసిన కోలారు బంగారు గనులు మూసేసినాక కంపెనీ క్వార్టర్సు వదిలి, చేతికొచ్చినదంతా ఆ ఇంట్లో పెట్టినాడు. స్థలమేమో చిన్నది. అందులో కింద ఒక గది, వంటిల్లు, పైన రెండు గదులు. ఇంత చిన్న ఇంటికి మెట్ల మధ్యలో ల్యాండింగు మాత్రం మా వంటింటికంటే పెద్దది. చూసినవాళ్ళంతా ముందు నోరు తెరిచేవాళ్ళు, తర్వాత నవ్వేవాళ్ళు. గృహప్రవేశం ప్రార్థనకు వచ్చిన పాస్టరమ్మ అయితే, "ఇక్కడే ఒక పెళ్ళి చేసేయొచ్చప్పా" అనింది. మామ దాన్ని పొగడ్త అనుకున్నాడు.

ఇంత పెద్దది ఎట్లయిందంటే, మాట వల్లే. ఇల్లు కట్టిన మేస్త్రీ, "ల్యాండింగు ఎంత వదలాలప్పా?" అని అడిగినాడంట. మా మామకు తెలిసిన ల్యాండింగు ఒకటే. భూమి లోపల, కేజ్ వచ్చి ఆగే చోటు. కేజంటే గని కూలీలను కిందికీ పైకీ మోసే ఇనుప బోను. మామ పని చేసినన్నాళ్ళూ అక్కడే చేసినాడు, జనాన్ని వరసగా ఎక్కించడం, దించడం. మేస్త్రీ అడిగిన వెంటనే, "పదిమంది తోసుకోకుండా నిలబడాలప్పా, అంత వదులు" అన్నాడంట. మేస్త్రీది తమిళనాడు పక్క పేర్నంబట్టు. గని మొహం చూసినోడు కాదు. పెద్దమనిషికి షోకు ఎక్కువనుకుని అట్లే కట్టేసినాడు. ఆ పదిమంది నిలబడే చోటు కోసరం నా వంటిల్లు అగ్గిపెట్టె అయిపోయింది, ముందు గదిలో మంచమేస్తే తలుపు సగమే తెరుచుకుంటాది.

సరే, అయ్యిందేదో అయ్యింది, ఉన్న చోటును వాడుకుందామనుకున్నాను. నాకు కుట్టుపని వచ్చు. మా ఆయన పొద్దున్నే రైలెక్కి బెంగుళూరుకు పోయి, చీకటి పడినాక వచ్చేవాడు. ఆండర్సన్‌పేటలో సగం మంది బతుకు ఆ రైల్లోనే. నేను ఇంట్లో మిషను తొక్కతా ఉంటే నాకూ ఒక పేరొచ్చింది. పక్కనుండే ఊరిగాం నించి కూడా వెతుక్కుంటా వచ్చేవాళ్ళు. పెళ్ళికూతుర్ల తెల్ల గౌన్లు నా చేతిలో బాగా కుదిరేవి. కానీ మిషను యాడ పెట్టాల? వరండాలో పెడితే గాలికాలంలో, బంగారం తీసినాక గనోళ్ళు పోసిన సయనైడు దిబ్బల మట్టి లేచొచ్చి గుడ్డ మీద పడతాది. ముందు గదిలో పట్టపగలే చీకటి. పై గదులు రెండూ మంచాలకే సరి. ల్యాండింగులోనేమో తూర్పు కిటికీ, తెల్లారినప్పటి నించి సాయంకాలం దాకా దీపం అక్కర్లేని వెలుతురు. దేవుడు నా మిషను కోసరమే ఆ కిటికీ పెట్టించినాడనుకున్నాను.

మామను అడిగినాను. "వద్దమ్మా" అన్నాడు. ఎందుకు మామా అంటే, "ల్యాండింగులో సామాను పెట్టకూడదు" అన్నాడు, అదేదో బైబిల్లో రాసినట్ల. ఇంగొక రోజు అడిగితే కొంచెం ఎక్కువ చెప్పినాడు. "లోపల మేము ఒక పార కూడా ఆనించేవాళ్ళం కాదు. ఎయిర్ బ్లాస్టయితే దీపాలు పోతాయి. చీకట్లో పరిగెత్తుకొచ్చేవాళ్ళ కాలికి ఏదీ తగలకూడదమ్మా." ఎయిర్ బ్లాస్టంటే లోపల బండలు పగిలి కూలడం. గనులు నడిచినప్పుడు ఆ అదురుకు పైన ఇండ్లలో గిన్నెలు కూడా దొర్లేవంట. నిజమే. కానీ మా ఇంట్లో చీకట్లో పరిగెత్తుకొచ్చేది ఎవరు? పిల్లి. "ఇది ఇల్లు మామా, గని కాదు. గని మూసేసినారు" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. అన్నందుకు నాకేం బాధ లేదు, ఉన్న మాటే అన్నాను.

ఒక ఆదివారం ఆయన చర్చికి పోయినప్పుడు, నేనూ మా ఆయనా అప్పటిదాకా వంటింటి గుమ్మం దగ్గరున్న మిషనెత్తి ల్యాండింగులో కిటికీ కింద పెట్టేసినాము. మామ వచ్చి మెట్ల కింద నిలబడినాడు. అరవలేదు, తిట్టలేదు. "దారి మూసినారు, నేనెట్ల పోతును?" అన్నాడు. ఏనుగు పోయేంత దారుండాది మామా అన్నాను. ఆయన కింది మెట్టు మీద కూర్చున్నాడు. అన్నం అక్కడే, నీళ్ళక్కడే. పొద్దు వాలే సరికి మా ఆయన మనసు కరిగిపోయి మిషనును మళ్ళీ వంటింటి గుమ్మం దగ్గరికి మోసేసినాడు. "ఇంగ కొన్నాళ్ళు ఆగు" అన్నాడు నాతో. మా ఆయన బతుకంతా నాకు చెప్పిన మాట అదొక్కటే. నాయనకొకటి, పెండ్లానికొకటి చెప్పి మధ్యలో నిద్రపోయే రకం.

వంటింట్లో మిషనుంటే ఏమవుతాదో అదే అయ్యింది. ఊరిగాం ఆమె పెద్దకూతురి పెళ్ళి గౌను, లేసంతా చేత్తో కుట్టినది, మిషను మీద పెట్టి పొయ్యి దగ్గరికి తిరిగినాను. చారు తిరగమోత ఎగిరి పడింది. తెల్ల గుడ్డ మీద పసుపు నూనె. వేడినీళ్ళు, నిమ్మకాయ, సబ్బు, ఎండ, అన్నీ చేసినాను. ఎండిన కొద్దీ ఇంగా బాగా కనిపించింది. ఆ మరక మీద ఒక గుడ్డపువ్వు కుట్టి ఇచ్చినాను. ఆమె పువ్వునెత్తి చూసింది. "నీ చేతి మీద నాకు నమ్మకముండాదమ్మా, నీ వంటింటి మీదే లేదు" అనింది. మెత్తగానే అనింది. చిన్నకూతురిది బెంగుళూరులో కుట్టించుకున్నారు. ఆమె వెనకే ఊరిగాం మొత్తం పోయింది. నేను గౌన్ల నించి స్కూలు నిక్కర్లకు దిగినాను. ఆ రోజు మెట్ల దగ్గర నిలబడి గట్టిగా ఏడ్చినాను, మామకు వినపడాలనే. వినపడింది. ఆయన చీపురు తీసుకుని ల్యాండింగు ఊడ్చినాడు. అంతే.

చివరి రోజుల్లో గని దుమ్ము తిన్న ఊపిరితిత్తులు ఆయన్ని ఒక్కసారిగా పైదాకా ఎక్కనిచ్చేవి కావు. ల్యాండింగులో ఆగి, గోడకు చెయ్యానించి, ఈల మాదిరి ఊపిరి లాగేవాడు. కూర్చోనీకి ఒక స్టూలన్నా వేస్తాను మామా అంటే, తల అడ్డంగా ఊపినాడు. ఇంత పట్టుదల మనిషి ఉంటాడా అని నాకు జాలికంటే కోపమే ఎక్కువొచ్చింది.

పై గదిలోనే పోయినాడు. మా పేటలో మిద్దె ఇండ్లలో సావు జరిగితే శవపెట్టె దించడం పెద్ద గండం. మలుపులో తిరగదు, నిలువుగా లేపాల, లోపలుండే మనిషి కాళ్ళ వైపు జారతాడు, ఇంటోళ్ళు కళ్ళు మూసుకుంటారు. పక్కింట్లో అయితే కిటికీ పగలగొట్టి తాళ్ళు కట్టి దించినారు. మా మామను ఆయనతో పని చేసిన ముసలోళ్ళే మోసినారు. ల్యాండింగులోకి వచ్చి, పెట్టెను చదునుగానే ఉంచి, అందరూ ఒక్కసారి నిలబడి ఊపిరి తీసుకుని, మెల్లగా తిప్పుకున్నారు. ఒక మూల కూడా గోడకు తగలలేదు. వాళ్ళలో పెద్దాయన నా వైపు చూసి, "ఎంత మర్యాదగా దిగినాడమ్మా" అన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఏడుపులో కూడా, ఈ చోటు ఇందుకూ కావాలని ముందే నాతో చెప్పుంటే ఏం పోయేది మామా, అనే అనుకున్నాను. ఆయనకే తెలుసో లేదో.

సమాధి ప్రార్థన అయినాక, నేను అడక్కముందే మా ఆయన మిషనును కిటికీ కింద పెట్టినాడు. వెలుతురు నేననుకున్నదానికంటే బాగుండాది. ఇప్పుడు పెళ్ళి గౌన్లన్నీ రెడీమేడు. నా దగ్గరికి వచ్చేవి జిప్పులు, అంచులు, బిగుతైన జాకెట్లు. సూదిలో దారమెక్కించనీకి కళ్ళద్దాలు కావాల. ఎవరన్నా పైకి పోవాలంటే నేను లేచి పక్కకు జరగాల్సిన పని కూడా లేదు, అంత దారుండాది. అంత దారున్నా ఒప్పుకోలేదే అని ఒక్కోరోజు మిషను ఆపి మామతో గట్టిగా పోట్లాడాలనిపిస్తాది. కాలం మనం అడిగిన చోటు ఇస్తాది గానీ, ఆ చోటు కోసరం ఎవరితో పోట్లాడినామో ఆ మనిషిని తీసుకున్నాకనే ఇస్తాది.