జిల్లేడు పురుగులు, నా గోటి గాట్లు

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ల పిల్లనైన నా మాట నమ్మి, మా నాయిన ఒక మనిషి బతుకుతెరువు మీదికి గడ్డపార పట్టుకుని వెళ్లాడు. అది తలుచుకుంటే ఈ వయసులో కూడా నా చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు మేం అత్వెల్లిలో ఉండేవాళ్లం. ఇప్పుడు రోడ్డు పక్కన గోదాములు లేచిన చోట మాకు రెండెకరాల చెలక ఉండేది. వానాకాలం ఆముదం వేసేవాళ్లం. ఆ చేనుకు ఆనుకునే పక్క చేను పెద్దమ్మది. ఆమె మాకు చుట్టం కాదు. నాయిన ఆమెను వదినె అని పిలిచేవాడు కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. భర్త పోయాక ఆమె చేను బీడు పడింది. గట్టు మీద వరసగా పెరిగిన జిల్లేడు చెట్ల ఆకులూ పూలూ తెంపి, శనివారం శనివారం మేడ్చల్‌లో ఆంజనేయస్వామి గుడి ముందర కూర్చుని దండలు గుచ్చి అమ్మేది. ఆమె ఇల్లు ఆ దండల మీదే నడిచేది. ఊరంతా పీకి పారేసే జిల్లేడుకు ఆమె ఎండాకాలంలో బిందెతో నీళ్లు మోసి పోస్తుంటే జనం నవ్వేవాళ్లు. "నవ్వితె నవ్వనియ్యి, నా పొయ్యి ఎలుగుతాంది గద" అనేది.

ఆ ఏడు మా ఆముదానికి నామాల పురుగు పట్టింది. ఒంటి మీద నిలువునా తెల్లటి చారలుండే నున్నటి పురుగు అది. నాలుగు రోజుల్లో సగం చేనులో ఆకులన్నీ పోయి ఈనెలు మిగిలాయి. అమ్మా నాయినా పొద్దున్నుంచి నడుములు వంచి, పురుగులను ఏరి కిరసనాయిలు నీళ్ల డబ్బాలో వేసేవాళ్లు. నాకూ ఒక డబ్బా ఇచ్చారు. నేను పనికి చురుకే, గొప్పలకు ఇంకా చురుకు. పురుగులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నేనే కనిపెట్టి నాయినతో శెభాష్ అనిపించుకోవాలని నా ఆరాటం.

అలా వెతుకుతూ పెద్దమ్మ గట్టు దాకా వెళ్లి ఒక జిల్లేడు ఆకు తిప్పి చూశాను. కింద చారల పురుగు! నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, ఒంటి మీద కొమ్ముల్లా లేచిన నల్లటి పోగులు. పక్క ఆకు కింద ఇంకొకటి. నామాల పురుగుకూ చారలే, దీనికీ చారలే. ఆ చారలు నిలువుగా ఉన్నాయా అడ్డంగా ఉన్నాయా అని చూసే ఓపిక నాకెక్కడిది?

"నాయినా, పురుగులు గీడికెళ్లే వస్తున్నయ్! పెద్దమ్మ చెట్లల్ల పుట్టి మన చేన్లకు పాకుతున్నయ్. నా కండ్లతోని సూసిన" అని కేకపెట్టాను.

పాకడం నేను చూడలేదు. కానీ నోట్లోంచి వచ్చేసింది. నాయిన అప్పటికే పంట మీద దిగులుతో సరిగా అన్నం తినడం లేదు. నేరుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్లి, "వదినె, రేపు పొద్దుగాల ఈ చెట్లన్ని తవ్వి పారేస్త. నా పంట పోతాంది" అన్నాడు.

ఆమె ముఖం పాలిపోయింది. అయినా గొడవపడలేదు, ఏడవలేదు. ఒక మట్టి చట్టి తెచ్చి, అందులో నాలుగు జిల్లేడు పురుగులను వేసింది. మా చేనులోంచి లేత ఆముదపాకు ఒకటి తెంపి వాటి ముందు పెట్టి, పైన పాత చీరముక్క కట్టి నా చేతికిచ్చింది.

"రేపు పొద్దుగాల దాక నీ తాన్నే ఉంచుకో బిడ్డా. గీ ఆముదపాకు కొరికినయంటె మీ నాయినెందుకు, నేనే తవ్వుకుంట. నువ్వేం జెప్తె గదే."

తన బతుకును తీసుకొచ్చి, తన మీద చాడీ చెప్పిన పిల్ల చేతిలోనే పెట్టింది. అదెంత పెద్ద నమ్మకమో నాకప్పుడు తెలియలేదు.

ఇంటికి తెచ్చి చట్టిని గూట్లో పెట్టాను. పొద్దుగూకే దాకా పది సార్లు గుడ్డ విప్పి చూసి ఉంటాను. అవి ఆకు చుట్టూ తిరిగాయి, అంచు తడిమాయి, వదిలేసి చట్టి గోడ ఎక్కాయి. తినమని బతిమాలుకున్నాను కూడా. తెల్లారి చూస్తే ఆకు ఆకులాగే ఉంది. పురుగులు నీరసించాయి. ఒకటి పక్కకు ఒరిగి పడి ఉంది. జాలి పడాల్సింది. కానీ ముందు నా పరువే గుర్తొచ్చింది. పెరట్లో నాయిన గడ్డపార తీస్తున్న చప్పుడు వినిపించింది. గబగబా ఆముదపాకు అంచులు నాలుగైదు చోట్ల గోటితో గిల్లి, ఆ ముక్కలు పారేశాను.

నాయిన వచ్చి చట్టిలోకి తొంగిచూసి, "తిన్నయి" అని బయల్దేరాడు. చట్టి పట్టుకుని వెనకాలే నేను.

గట్టు దగ్గర పెద్దమ్మ చట్టి అందుకుని గుడ్డ విప్పింది. ఆకును అటూ ఇటూ తిప్పింది. తర్వాత చట్టి అడుగు చూసింది. అడుగు కడిగినట్టు శుభ్రంగా ఉంది. ఆకు తిన్న పురుగు ఆవగింజలంత పెంటికలు వేస్తుందని నాకు తెలియదు. రోజూ ఆ పురుగుల మధ్య ఆకులు తెంపుకునే మనిషికి తెలియకుండా ఉంటుందా? ఆమె చూపు చట్టి మీంచి నా వేళ్ల మీదికి వచ్చింది. నా గోళ్ల సందుల్లో ఆకు పసరు. చేతులు వెనక్కి దాచుకున్నాను.

ఒక్క మాట అంటే చాలు, ఆమె చెట్లు దక్కుతాయి. కానీ అనలేదు. ఒక జిల్లేడు ఆకు తెంపి, పాలు కారుతుండగానే చట్టిలో పెట్టి, "పాపం, రాత్రంత పస్తున్నట్టున్నయ్" అంది.

ఒక పురుగు గబగబా ఆకు ఎక్కింది. ముందు నడిమి ఈనె కొరికి పాలు కారిపోనిచ్చింది. ఆ తర్వాత అంచు పట్టుకుని, తల పైనుంచి కిందికి ఆడిస్తూ తినడం మొదలుపెట్టింది. మిగతావీ చేరాయి. ఒరిగి పడినది కూడా మెల్లగా కదిలింది. నాయిన వంగి కళ్లార్పకుండా చూస్తున్నాడు.

"నాయినా, అవి ఆముదపాకు తినలే. నేనే గోటితోని గిల్లిన. పాకంగ గుడ సూడలే" అన్నాను.

నాయిన చెయ్యి లేచింది. పెద్దమ్మ నన్ను తన వైపు లాక్కుంది.

"కొట్టకు తమ్మీ. ఒప్పుకుంది గద. ఎంతమందికొస్తది గా మాట?"

నాయిన గడ్డపార కింద పెట్టి గట్టు మీద కూలబడ్డాడు. "పరేషాన్ల కండ్లు మూసుకపోయినయ్ వదినె. తప్పయింది" అన్నాడు. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని మా చేనులోకి దిగి, ఆ రోజంతా మాతో పాటు నామాల పురుగులు ఏరింది. సగం పంట దక్కింది.

ఒరిగి పడిన పురుగును పెద్దమ్మ నాకే ఇచ్చి, సాకమంది. రోజూ వెళ్లి జిల్లేడు ఆకు అడిగి తెచ్చుకునేదాన్ని. అది వేలెడయ్యాక చీరముక్కకు తలకిందులుగా వేలాడి, తోలు విడిచి, బంగారు చుక్కలున్న పచ్చటి బుట్టలా మారింది. వారం దాటాక ఒక పొద్దున ఆ బుట్ట చిట్లి, నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుక తడితడిగా బయటికొచ్చింది. రెక్కలకు నల్లటి అంచు, ఆ అంచులో తెల్ల చుక్కలు. రెక్కలు ఆరేదాకా ఉండి ఎగిరిపోయింది. నేను చప్పట్లు కొట్టాను.

"ఇగ ఏ పువ్వు మీదనన్న వాలుతది. గని గుడ్డు పెట్టాలంటె మల్ల జిల్లేడుకే రావాలె" అంది పెద్దమ్మ.

ఇప్పుడు గుండ్లపోచంపల్లిలో కూతురి దగ్గర ఉంటున్నాను. ప్రహరీ బయట దానంతటదే మొలిచిన జిల్లేడును ఎవరినీ పీకనివ్వను. నిన్న ఒక ఆకు కింద ఆవగింజ కన్నా చిన్న తెల్లటి గుడ్డు కనబడితే మనవరాలికి చూపించాను. మా కాలనీ వాళ్ల ఫోన్లలో రోజూ ఎవరి మీదో ఒకరి మీద ఏదో ఒక మాట వస్తూనే ఉంటుంది. పనిమనిషి తీసిందట, వాచ్‌మన్ చేశాడట అని నా దగ్గరికి వచ్చి చెబుతారు. నేను చట్టి అడుగు చూడకుండా దేన్నీ నమ్మను. అలాంటి మాట ఒకరి మీద నేనే చెప్పాల్సి వస్తే మాత్రం, ముందు నా గోళ్లు చూసుకుంటాను.