రోడ్స్ కోట కందకంలో అసర్ నమాజు

మొన్న తెనాలిలో జుమ్మా నమాజు ముగించుకుని టీ కొట్టు దగ్గర కూర్చుంటే, టీవీలో ఏదో గ్రీకు ద్వీపం చూపిస్తున్నారు. సముద్రానికి ఎదురుగా నిలిచిన ఎత్తైన రాతిగోడలు, కందకంలో పడివున్న రాతి గుండ్లు కనిపించగానే అది రోడ్స్ అని గుర్తుపట్టాను. ఇన్నేళ్ల తర్వాత కూడా టీ తాగడం మరిచి చూస్తుండిపోయాను.

మన తరానికి టెలిగ్రాం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. సరుకుల ఓడలో వెల్డరుగా చేరిన మొదటి ఏడాది, ఆ రేవులో నాకొకటి అందింది. నా భార్యను తొలి కాన్పుకు ఆసుపత్రిలో చేర్చామనీ, పరిస్థితి బాగాలేదనీ మామగారు పంపారు. ఫోను కలవలేదు. సాయంత్రానికి ఓడ కదలాలి. ఓడలో నేను అన్నా అని పిలుచుకునే బాపట్ల తీరపు ఆయన నన్ను ఒంటరిగా వదలలేక కోటలోకి తోడు వచ్చాడు. పాత గుడి శిథిలాలు దాటి, మినారు కనిపించిన వైపు వెళితే మసీదుకు తాళం. సాయంత్రపు అసర్ నమాజు వేళ మించిపోతుందని కందకంలోకి దిగి, సీసా నీళ్లతో ముఖమూ చేతులూ కాళ్లూ కడిగి వజూ చేసుకుని, గడ్డిలో తువ్వాలు పరిచి నిలబడ్డాను.

నమాజు ముగిస్తూ సలాం చెప్పి తల తిప్పేసరికి అన్న వింతగా చూస్తున్నాడు.

"ఏంటి తమ్ముడూ, మక్కాకి వీపు పెట్టి మొక్కావు? మొన్న ఉత్తరంగా వస్తూ కాలవకి రాకముందు, మక్కా దగ్గరి జెడ్డా మన కుడిపక్కనేగా పోయింది! ఇదేమన్నా తెనాలా, పడమటికి తిరగడానికి?"

పుట్టిన దగ్గర్నుంచీ పడమటికే తిరిగిన అలవాటు. పిల్లలకు ఖురాన్ నేర్పినవాణ్ణి, దిక్కు అడగనైనా అడగలేదు. నా తప్పు నా భార్యకు చుట్టుకుంటుందేమోనని తువ్వాలు తీసి మళ్లీ పరవబోయాను. అంతలో ఓడ కూత వినిపించింది.

"సర్లే, మళ్లీ కానీ. నేను ముందెళ్లి ఓడ నిచ్చెన మీద నిలబడతా. నన్ను తోసేసి దాన్నెట్టా తీస్తారో చూస్తా."

ఈసారి ఆగ్నేయానికి తిరిగాను. తెనాలిలో మక్కా పడమట ఉంటే, ఇక్కడ మక్కా, దాని అవతల నా ఇల్లు, రెండూ తూర్పు వైపే ఉన్నాయని అప్పుడు తట్టింది. ఆమెకు ఎదురుగా నిలబడి ఆమె కోసం అడుగుతున్నట్టు ఏడ్చాను. తర్వాత పరుగెత్తి ఓడ అందుకున్నాను.

తల్లీ బిడ్డా క్షేమమన్న ఉత్తరం పదకొండు రోజులకు మరో రేవులో అందింది.

నిరుడు మనవరాలి కాన్పు కబురు ఫోనులో నేను వజూ ముగించేలోపే వచ్చేసింది. అల్లాహ్ దయ, ఆ భయం ఇప్పుడెవరికీ లేదు. కానీ ఆ పదకొండు రోజులూ, అడగడానికి ఆయన తప్ప ఎవరూ లేక, నుదురు నేలకానించి సజ్దాలో ఎంతసేపు ఉండిపోయేవాణ్ణో! ఇప్పుడు తల త్వరగా లేచిపోతోంది.